మెయిన్ అప్లికెంట్‌గా మీరే ఎందుకు వేయకూడదు?

ప్రశ్న: మాది గుంటూరు. నాకు 34 ఏళ్లు. బీఎస్సీ మ్యాథ్స్ రెగ్యులర్‌గా చదివి 2012లో బీఈడీ పూర్తి చేశాను, అప్పట్లో అది ఏడాది కోర్సే. తొమ్మిదేళ్లుగా ప్రైవేటు స్కూళ్లలో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. మొదటి మూడేళ్లు జీతం చేతికే ఇచ్చారు, ఆ తర్వాత ఆరేళ్లుగా వేరే స్కూల్లో బ్యాంకులో పడుతోంది. మా ఆయనకు 38. మెకానికల్ ఇంజినీరింగ్ చదివి పన్నెండేళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారు, మధ్యలో ఏడాదిన్నర అమెరికాలో ఆన్‌సైట్ చేశారు. బాబుకి ఏడేళ్లు. ఆస్ట్రేలియా పీఆర్ (శాశ్వత నివాస వీసా) కోసం ఒక కన్సల్టెన్సీకి వెళ్తే, మా ఆయన మెయిన్ అప్లికెంట్, నేను డిపెండెంట్, నాలుగు లక్షలు కడితే ఆరు నెలల్లో గ్యారంటీ అన్నారు. ఆయన ఎక్స్‌పీరియన్స్ లెటర్ కొంచెం 'అడ్జస్ట్' చేయాల్సి వస్తుందని కూడా అన్నారు. నా చదువు గురించి ఒక్క మాట అడగలేదు. డబ్బు కట్టమంటారా? ఐఈఎల్‌టీఎస్ ప్రిపరేషన్ కోసం నన్ను ఉద్యోగం మానేయమంటున్నారు ఇంట్లో, మానేయనా?

సమాధానం: డబ్బు కట్టకండి. కనీసం ఇప్పుడు, వాళ్లకి, ఆ షరతుల మీద కట్టకండి. ఉద్యోగం అసలే మానేయకండి. ఎందుకో చెప్తాను, కొంచెం ఓపిగ్గా చదవండి, ఎందుకంటే మీ ఉత్తరంలో మీరు చివర్లో రాసిన చిన్న వాక్యమే నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది. మీ చదువు గురించి ఎవరూ అడగలేదన్నారు కదా. నాకు బాధేసింది, ఎందుకంటే మీ ఇంట్లో ఆస్ట్రేలియాకి ఎక్కువ అవసరమైన వృత్తి మీది.

మన దగ్గర పీఆర్ అనగానే సాఫ్ట్‌వేర్ చేసే మనిషి పేరు మీద ఫైలు తెరవడం అలవాటైపోయింది. చాలా ఇళ్లలో ఆ మనిషి భర్తే. భార్య ఎంత చదివినా, ఏం పని చేస్తున్నా డిపెండెంట్ గడిలో పేరు రాసేసి పక్కన పెట్టేస్తారు. ఇది వీసా రూలు కాదు, మన అలవాటు. ఇద్దరిలో ఎవరు మెయిన్‌గా వేసినా వీసా వచ్చాక ఇద్దరికీ హక్కులు ఒక్కటే. ఇద్దరూ ఎక్కడైనా ఉద్యోగం చేసుకోవచ్చు, ఇద్దరికీ మెడికేర్ (అక్కడి ప్రభుత్వ వైద్య బీమా) ఉంటుంది, పౌరసత్వానికి ఇద్దరి గడువూ ఒకేలా లెక్కేస్తారు. అందుకని మెయిన్ ఎవరన్నది పరువుకి సంబంధించిన విషయం కాదు, ఎవరి పేరు మీద వేస్తే వీసాకి అప్లై చేయమని ప్రభుత్వం నుంచి పిలుపు వచ్చే అవకాశం ఎక్కువ అన్నదే చూడాలి. ఈ మాట మీ ఆయనకి మీరే నెమ్మదిగా చెప్పండి, కావాలంటే ఇది చదివి వినిపించండి.

ఇక లెక్కల్లోకి వద్దాం, మీరు లెక్కల టీచరే కాబట్టి ఈ భాగం మీకు సులువు.

మీరు చూడాల్సింది సబ్‌క్లాస్ 189, అంటే ఏ రాష్ట్రం నామినేషన్ గానీ కంపెనీ స్పాన్సర్‌షిప్ గానీ లేకుండా పాయింట్ల మీద వచ్చే పీఆర్. 45 ఏళ్ల లోపు ఉండాలి, మీ వృత్తి వాళ్ల జాబితాలో ఉండాలి, ఆ వృత్తికి కేటాయించిన సంస్థ నుంచి స్కిల్స్ అసెస్‌మెంట్ రావాలి, కనీసం 65 పాయింట్లు ఉండాలి. 65 అన్నది గేటు దాటడానికి మాత్రమే, ఆ తర్వాత వృత్తిని బట్టి, పోటీని బట్టి పిలుస్తారు. కన్సల్టెన్సీలు "మీకు 65 దాటాయండి, అయిపోయినట్టే" అని చెప్పేది ఇక్కడే, జనం పడిపోయేదీ ఇక్కడే.

ముందు మీ ఆయన లెక్క వేస్తాను. 33 నుంచి 39 ఏళ్ల వయసుకి 25. డిగ్రీకి 15. అనుభవం పన్నెండేళ్లు కదా అని పూర్తిగా లెక్కేయకండి. ఐటీ వాళ్లని అసెస్ చేసేది ఏసీఎస్ అనే సంస్థ, కంప్యూటర్ సైన్స్ చదివినవాళ్లకే మామూలుగా రెండేళ్లు కోస్తుంది, మెకానికల్ లాంటి డిగ్రీ అయితే ఆరేళ్లు పోతాయనే అనుకోవాలి, పైగా ఆర్‌పీఎల్ అని విడిగా ప్రాజెక్టు రిపోర్టులు రాయాలి. మిగిలింది ఆరేళ్లు, దానికి 10. ఇంగ్లిష్‌లో ప్రతి విభాగంలో 7 తెచ్చుకుంటే 10. ఇక్కడికి 60. మీకు అసెస్‌మెంట్ ఉంటే భార్య నైపుణ్యం కింద ఇంకో 10, తెలుగు సీసీఎల్ (తెలుగు, ఇంగ్లిష్ మధ్య నోటితో అనువదించే పరీక్ష) పాసైతే 5, మొత్తం 75.

ఇప్పుడు మీది. వయసుకి 25, డిగ్రీకి 15. అనుభవం దగ్గర చేతికి జీతం తీసుకున్న మూడేళ్లనీ పక్కన పెట్టి, బ్యాంకులో పడిన ఆరేళ్లనే లెక్కేస్తున్నాను, దానికి 10. ఇంగ్లిష్‌కి 10. మీ ఆయనకి ఏసీఎస్ అసెస్‌మెంట్, ఐఈఎల్‌టీఎస్‌లో ప్రతి విభాగంలో 6 ఉంటే 10, అసెస్‌మెంట్ లేకుండా ఇంగ్లిష్ మాత్రమే ఉంటే 5. సీసీఎల్‌కి 5. మొత్తం 75, ఏసీఎస్ వద్దనుకుంటే 70.

ఇద్దరికీ అదే 75 వచ్చింది కదా, మరి తేడా ఏముంది అంటారా? తేడా అంతా వరుసలో ఉంది. సాఫ్ట్‌వేర్ వరుసలో ప్రపంచం నలుమూలల నుంచి వచ్చినవాళ్లు, అక్కడే చదివి అక్కడే ఉద్యోగం చేస్తూ 90, 95 పాయింట్లతో ఎదురు చూస్తున్నవాళ్లు ఉన్నారు, 75తో అక్కడ నిలబడితే 189 పిలుపు వస్తుందని ఆశపడటం కష్టం. హైస్కూల్ టీచర్ల వరుస అలా లేదు. ఆస్ట్రేలియాలో హైస్కూల్ లెక్కల టీచర్లకు కొరత ఉంది, ఈ మధ్య పిలుపులు ఇచ్చిన రౌండ్లలో టీచర్లకి, నర్సులకి సాఫ్ట్‌వేర్ వాళ్లకన్నా బాగా తక్కువ పాయింట్లకే పిలుపులు వచ్చాయి. 2022 అక్టోబరులో ఇచ్చిన ప్రభుత్వ ఆదేశంలో అప్లికేషన్ల పరిశీలనలో కూడా ఆరోగ్యం, బోధన రంగాలకు ప్రాధాన్యం ఇచ్చారు. రేపటి రౌండులో ఎంతకి పిలుస్తారో ఎవరూ ముందే చెప్పలేరు, మీకూ గ్యారంటీ అని నేను అనను. కానీ ఒకే 75 చేతిలో ఉన్నప్పుడు ఏ వరుసలో నిలబడాలో మాత్రం స్పష్టంగానే ఉంది.

వయసు సంగతి కూడా చూడండి. మీ ఆయనకి 40 నిండిన రోజున ఆ 25 కాస్తా 15 అయిపోతుంది, అంటే రెండేళ్లలోపే ఆయన స్కోరు 65కి దిగుతుంది. మీకు 40 రావడానికి ఇంకా అయిదేళ్ల పైనే ఉంది. పాయింట్లు లెక్కేసేది పిలుపు వచ్చిన రోజు వయసుని బట్టే, అప్లై చేసిన రోజుని బట్టి కాదు.

ఇక మీ అసెస్‌మెంట్. టీచర్లని చూసేది ఏఐటీఎస్‌ఎల్ అనే సంస్థ. వాళ్లు అడిగేవి మూడు: కనీసం నాలుగేళ్ల ఉన్నత విద్య, అందులో కనీసం ఏడాది టీచర్ ట్రైనింగ్, ఆ ట్రైనింగ్‌లో కనీసం 45 రోజుల పర్యవేక్షిత బోధన, అంటే మనం టీచింగ్ ప్రాక్టీస్ అని పిలిచేది. మీది మూడేళ్ల బీఎస్సీ, ఏడాది బీఈడీ, నాలుగు సరిపోయాయి. బీఈడీని రెండేళ్లు చేసింది 2015 నుంచి, మీరు అంతకు ముందే పూర్తి చేశారు, ఏడాది కోర్సు అని కంగారు పడకండి.

అసలు ఇబ్బంది ఆ 45 రోజుల దగ్గర వస్తుంది. మీరు ఎన్ని రోజులు, ఏ స్కూల్లో, ఏ తరగతులకి, ఏ సబ్జెక్టు చెప్పారో మీ బీఈడీ కాలేజీ లెటర్‌హెడ్ మీద రాసి, సంతకం, సీలు వేసి ఇవ్వాలి. మన కాలేజీల్లో ఇలాంటి లెటర్ ఎవరూ అడిగి ఉండరు కాబట్టి ఆఫీసులో వాళ్లకి అర్థం కాదు, మార్కుల మెమో జిరాక్సు ఇచ్చి అదే చాలంటారు. చాలదు. వివరాలన్నీ మీరే ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి, మీ పాత లెసన్ ప్లాన్ రికార్డులు, ప్రాక్టీసు చేసిన స్కూలు ఇచ్చిన కాగితం ఏదైనా ఇంట్లో అటక మీద ఉంటే దించి పట్టుకెళ్లండి, కాలేజీ రికార్డుతో సరిచూసి ఉన్నది ఉన్నట్టుగా రాయమనండి. ప్రిన్సిపాల్ మారిపోయి ఉంటారు, ఒకటికి నాలుగుసార్లు తిరగాల్సి వస్తుంది. కాలేజీ మూతపడి ఉంటే అఫిలియేషన్ ఉన్న యూనివర్సిటీకి వెళ్లాలి. ఈ ఒక్క లెటర్ కోసమే నెలలు పట్టిన వాళ్లు ఉన్నారు, అందుకే అన్నిటికన్నా ముందు దీని పని మొదలుపెట్టమంటున్నాను. అక్కడ చేయని రోజులు చేసినట్టు మాత్రం రాయించకండి.

దీంతోపాటే ఇంకో రెండు చూసుకోండి. డిగ్రీలకి మీ దగ్గర ప్రొవిజనల్ మాత్రమే ఉందా, ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) తీసుకున్నారా? చాలామంది ఉద్యోగంలో పడి కాన్వొకేషన్ ఫీజు కట్టడం మర్చిపోతారు, లేకపోతే ఇప్పుడే అప్లై చేయండి. రెండోది పేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి, పాస్‌పోర్టులో పూర్తిగా ఉండి, ఆధార్‌లో పెళ్లయ్యాక మార్చిన ఇంటిపేరు ఉండటం మన ఆడవాళ్లలో చాలా మామూలు. తేడా ఉంటే ముందే సరిచేసుకోండి, లేదా అన్నీ ఒకే మనిషివని అఫిడవిట్ చేయించి పెట్టుకోండి.

ఇంగ్లిష్ దగ్గర మీకు ఒక మెట్టు ఎక్కువ. టీచర్లకి ఏఐటీఎస్‌ఎల్ కోసం ఐఈఎల్‌టీఎస్ అకడమిక్‌లో రీడింగ్, రైటింగ్ 7 చాలు గానీ లిజనింగ్, స్పీకింగ్ 8 రావాలి, అవన్నీ ఒకే పరీక్షలో రావాలి. స్పీకింగ్ 8 తేలిక కాదు. ఇంగ్లిష్ మీడియం పిల్లలకి రోజూ పాఠం చెబుతున్నారు కాబట్టి మాట్లాడే అలవాటు మీకు ఉంది, కానీ పాఠం చెప్పడం వేరు, ఎదుటివాళ్లు అడిగిన దానికి అప్పటికప్పుడు విస్తరించి మాట్లాడటం వేరు, ఆ రెండోది సాధన చేయండి. రీడింగ్, రైటింగ్ కూడా 8కి తెచ్చుకోగలిగితే మీ 10 పాయింట్లు 20 అవుతాయి, 75 కాస్తా 85 అవుతుంది. టీచర్‌కి 85 అంటే చాలా గట్టి స్కోరు. ఏ కన్సల్టెన్సీ చేయగలిగిన పనికన్నా ఇది మీ ఫైలుకి ఎక్కువ బలం, నాలుగు లక్షల్లో కొంచెం మంచి స్పీకింగ్ ట్యూటర్ మీద పెట్టండి.

సీసీఎల్ సంగతి చాలామందికి తెలియదు. నాటీ అనే ఆస్ట్రేలియా సంస్థ పెట్టే పరీక్ష ఇది, తెలుగులో ఉంది, ఆన్‌లైన్‌లో ఇంటి నుంచే రాయొచ్చు. ఇంగ్లిష్ మాట్లాడే మనిషికి, తెలుగు మాట్లాడే మనిషికి మధ్య జరిగే రెండు సంభాషణలు వినిపిస్తారు, ఒక్కోటి దాదాపు 300 మాటలు, ముక్కముక్కకీ ఆపుతారు, మీరు ఇటుది అటు, అటుది ఇటు నోటితో చెప్పాలి. 90కి 63 రావాలి, ఒక్కో సంభాషణలో 45కి 29 తగ్గకూడదు. ఆసుపత్రి, బ్యాంకు, కోర్టు, ఇన్సూరెన్సు, స్కూలు ఇలాంటి సందర్భాలే వస్తాయి. తెలుగు మనదే కదా అని చదవకుండా వెళ్లి పోగొట్టుకునేవాళ్లు చాలామంది, విన్నది నోట్సు రాసుకుని ఒక్క వివరం కూడా వదలకుండా తిరిగి చెప్పడం ప్రాక్టీసు చేస్తేనే వస్తుంది. మెయిన్ అప్లికెంట్ రాస్తేనే ఈ 5 పాయింట్లు, అంటే మీరు రాయాలి, మీ ఆయన కాదు.

ఇక ఆ 'అడ్జస్ట్' మాట. నాకు మీ ఉత్తరంలో కోపం తెప్పించింది ఇదే. ఆస్ట్రేలియా వీసా రూల్స్‌లో పీఐసీ 4020 అని ఒకటుంది. తప్పుడు పత్రం గానీ, తప్పుదోవ పట్టించే సమాచారం గానీ ఇచ్చారని తేలితే వీసా తిరస్కరిస్తారు, మూడేళ్ల పాటు మళ్లీ అడ్డం పడుతుంది, అదీ అప్లై చేసిన మనిషికే కాదు, అదే ఫైలులో ఉన్న కుటుంబం అందరికీ. మీరు, మీ బాబు కూడా. వీసా అధికారులు కంపెనీకి ఫోన్ చేస్తారు, పీఎఫ్, ఫారం 16, బ్యాంకు స్టేట్‌మెంట్లు అడుగుతారు. లెటర్ అడ్జస్ట్ చేసినవాడి పేరు ఫైలులో ఎక్కడా ఉండదు, సంతకం మీది ఉంటుంది. మీ మొదటి మూడేళ్ల అనుభవాన్ని నేను లెక్కలోంచి తీసేసింది కూడా ఇందుకే. ఆ స్కూలు నుంచి అపాయింట్‌మెంట్ ఆర్డర్, అటెండెన్సు, జీతం రిజిస్టరు నకలు లాంటి నిజమైన ఆధారాలు దొరికితే పెట్టండి, అప్పుడు ఎనిమిదేళ్లు దాటి 15 పాయింట్లు వస్తాయి. దొరక్కపోతే 10తోనే ముందుకు వెళ్లండి. పిలుపు వచ్చాక చూపించలేని పాయింట్లు ముందే వేసుకుంటే వీసా రాదు, కట్టిన ఫీజూ తిరిగి రాదు.

ఏజెంట్ అసలు వద్దా అంటే, అలా అనను. కాగితాలంటే భయమున్నవాళ్లకి, కేసులో చిక్కులున్నవాళ్లకి మంచి ఏజెంట్ ఉపయోగపడతారు. కానీ ఆస్ట్రేలియా ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ అయిన ఏజెంటుకి మార్న్ అని ఏడు అంకెల నంబరు ఉంటుంది, ఆ నంబరు అడగండి, ఆ పేరు రిజిస్టరులో ఉందో లేదో నెట్‌లో మీరే వెతికి చూసుకోండి. మీ ఫైలు మీద సంతకం పెట్టేది ఆ మనిషేనా, లేక నంబరు ఒకరిది, పని ఇంకొకరిదా అన్నది కూడా అడగండి. వీసా గ్యారంటీ అని చెప్పే హక్కు రిజిస్టర్డ్ ఏజెంటుకి లేదు, వాళ్ల నియమావళే ఒప్పుకోదు. గ్యారంటీ అన్న మాట విన్నచోట లేచి వచ్చేయండి.

మీ కేసులో చిక్కులేమీ లేవు, మీరే చేసుకోవచ్చు. అసెస్‌మెంట్, ఇంగ్లిష్ వచ్చాక స్కిల్‌సెలెక్ట్ అనే వెబ్‌సైటులో ఈఓఐ, అంటే మాకు ఆసక్తి ఉందని తెలిపే ఫారం, వేయాలి. దానికి ఫీజు లేదు, రెండేళ్లు నిలుస్తుంది. మీ ఆయన అసెస్‌మెంట్ పాయింట్లు వాడుకోవాలంటే పిలుపు వచ్చేనాటికే అది చేతిలో ఉండాలి. 189తో పాటు 190కి కూడా ఈఓఐ పెట్టుకోండి, ఒక రాష్ట్రం నామినేట్ చేస్తే 5 పాయింట్లు కలుస్తాయి, టీచర్ల కోసం చూసే రాష్ట్రాలు ఉన్నాయి, ఒక్కో రాష్ట్రానికి ఒక్కో షరతు ఉంటుంది కాబట్టి వాళ్ల సైటు చూసుకోవాలి. 491 అని ఇంకోటుంది, 15 పాయింట్లు కలుస్తాయి గానీ అది పీఆర్ కాదు, సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ కాకుండా మిగతా ప్రాంతాల్లో మూడేళ్లు ఉన్నాక పీఆర్‌కి అప్లై చేసుకోవాలి. మీ స్కోరుతో దాన్ని చివరి మార్గంగా ఉంచుకోండి.

పిలుపు వస్తే 60 రోజుల్లో వీసా అప్లై చేయాలి. ఆ 60 రోజుల్లో పరుగులు పెట్టకుండా పోలీస్ క్లియరెన్సు సంగతి ముందే తెలుసుకోండి. ఇక్కడిది పాస్‌పోర్టు సేవా ద్వారా వస్తుంది. గత పదేళ్లలో ఏడాదికి పైగా ఉన్న ప్రతి దేశం నుంచీ తేవాలి, మీ ఆయన ఆన్‌సైట్ ఆ పదేళ్లలోదైతే అమెరికా నుంచి ఎఫ్‌బీఐ క్లియరెన్సు కావాలి, దానికి వేలిముద్రలు పంపాలి, టైం పడుతుంది. ఫీజు 2025 జూలై లెక్కన మెయిన్ అప్లికెంట్‌కి 4,900 ఆస్ట్రేలియా డాలర్ల పైన, మీ ఆయనకి అందులో సగం, బాబుకి పావు వంతు, ముగ్గురికీ కలిపి మన డబ్బులో అయిదు లక్షల దగ్గర పెట్టుకోండి. ప్రతి జూలై 1కి అది పెరుగుతుంటుంది. అసెస్‌మెంట్లు, పరీక్షలు, మెడికల్స్ దీనికి అదనం. ఇప్పుడు అర్థమైందా, ఆ నాలుగు లక్షలు వీసా ఫీజు కాదు, అది కేవలం వాళ్ల కూలి.

ఇంకొకటి కూడా ముందే తెలిసి ఉండాలి. పీఆర్ వచ్చినంత మాత్రాన అక్కడ స్కూల్లో పాఠం చెప్పనివ్వరు. ఏ రాష్ట్రానికి వెళ్తే ఆ రాష్ట్రం టీచర్ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి, న్యూ సౌత్ వేల్స్‌లో నెసా, విక్టోరియాలో వీఐటీ చూస్తాయి, పిల్లలతో పనిచేయడానికి వేరే క్లియరెన్సు కూడా ఉంటుంది. ఏఐటీఎస్‌ఎల్ కోసం పోగేసిన కాగితాలే అక్కడా అడుగుతారు కాబట్టి ఒరిజినల్స్ జాగ్రత్తగా పెట్టుకోండి.

ఉద్యోగం మానేయమన్న మాటకి వస్తాను. మీ ఆరేళ్ల అనుభవానికే 10 పాయింట్లు వస్తున్నాయి, ఇంకో రెండేళ్లు ఇదే స్కూల్లో బ్యాంకు జీతంతో చేస్తే పాత మూడేళ్లతో పని లేకుండానే ఎనిమిది నిండి 15 అవుతాయి. అలాంటప్పుడు ఎలా మానేస్తారు? గత పదేళ్లలో చేసిన పనినే లెక్కేస్తారు, ఖాళీగా ఉన్న ప్రతి నెలా మీకు నష్టమే. పొద్దున్నే లేచి గంట చదువుకోండి, సాయంత్రం బాబు హోంవర్కు మీ ఆయన్ని చూడమనండి. పరీక్ష వేసవి సెలవుల్లో బుక్ చేసుకోండి. స్కూలు నుంచి ప్రతి నెలా జీతం స్లిప్పు అడిగి తీసుకోండి, వాళ్లు ఇవ్వం అంటే బ్యాంకు స్టేట్‌మెంట్ దాచుకుని, మీరు ఏ తరగతులకి వారానికి ఎన్ని గంటలు చెబుతున్నారో రాసిన సర్వీసు సర్టిఫికెట్ ఒకటి హెడ్‌మాస్టర్ చేత రాయించుకోండి. ఈ శనివారం మీకు సెలవైతే బీఈడీ కాలేజీకి వెళ్లి రండి, ఆ 45 రోజుల లెటర్‌కి వాళ్లేమన్నారో నాకు రాయండి, అడ్డం చెప్తే ఏం చేయాలో అప్పుడు చూద్దాం.